దగ్గరలో ఉన్న సంచి

ఎండకు కాగిన తిమారి పొదల వాసన.

గాలి ఆ వాసనను కొండ మీద నుంచి దులుపుకొచ్చి మొహాన కొడుతోంది. ఉత్తరపు గాలి. మెల్తేమి. ఆగస్టులో ఈ ద్వీపం మీద దానిదే పెత్తనం — తలుపులు దానివే, టోపీలు దానివే, మాటలు కూడా దానివే. సగం మాట నోట్లో ఉండగానే ఎత్తుకుపోతుంది.

కల్లిరోయి టోపీని తలకు అదిమి పట్టుకుని నిలబడింది.

ఎదురుగా గుడి.

గుడి అంటే — నిలువునా మూడు స్తంభాలు, అడ్డంగా పడి ఐదు. ఒక గడప. గడప అవతల ఆకాశం. పంటల తల్లి దిమిత్రా ముందు ఒకప్పుడు ఈడొచ్చిన ఆడపిల్లలు తమ బొమ్మలు తెచ్చి వదిలిపోయేవారట. ఇప్పుడు బల్లులు ఎండ కాగుతున్నాయి.

తొమ్మిదేళ్ళప్పుడు చూసిన గుడి.

మళ్ళీ ఇవాళ.

మధ్యలో యాభై ఎనిమిదేళ్ళు. మధ్యలో ఎన్నో ద్వీపాలు... వేసవికి ఒకటి చొప్పున అన్నీ తిరిగింది. ఇదొక్కటే వదిలేసింది. ఒక ఏడు ఓడలు దొరకలేదంది. ఒక ఏడు గాలి పడదంది. ఈసారి థ్రాసోస్ చెప్పకుండా టిక్కెట్లు కొనేశాడు.

"మామగారు తవ్విన నేల చూడకుండానే పోతానేమో అనుకున్నానోయ్! నీకేం, చిన్నప్పుడే చూసేశావు" అన్నాడు.

థ్రాసోస్ పళ్ళ డాక్టరు. నలభై ఏళ్ళు నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్ళతోనే మాట్లాడాడు. జవాబు కోసం ఆగే అలవాటు లేదు. మంచివాడు. పెళ్ళాం తండ్రి పేరు చెప్పుకోవడం అతనికి పండగ.

గేటు దగ్గర కాపలా మనిషి, యాభై ఏళ్ళావిడ, గుమ్మడి గింజలు కొరుకుతూ కూర్చుంది. ఆర్గిరో. చొక్కా మీద పేరు కుట్టి ఉంది.

"ఈవిడెవరో తెలుసా మీకు? ప్రొఫెసర్ వరెలాస్‌గారి అమ్మాయి!" అన్నాడు థ్రాసోస్.

ఆర్గిరో గింజ కొరకడం ఆపింది.

"అలాగా. వరెలాస్‌గారికి ఒక్కతే అమ్మాయి కదూ?"

"ఒక్కతే."

"ఆఁ. ఒక్కతే" అంది ఆర్గిరో. లేచింది. టిక్కెట్టు చింపలేదు. "రండమ్మగారూ, లోపల చల్లగా ఉంటుంది" అని తనే ముందు నడిచింది.

లోపల ఒకే గది. సున్నం గోడలు. నాలుగు అద్దాల పెట్టెలు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది — టక్... టక్... గోడ మీద తండ్రి ఫొటో. తెల్లటి టోపీ, మోకాళ్ళ దాకా దుమ్ము, నవ్వు.

ఫొటో కింద అద్దాల పెట్టె. పెట్టెలో బొమ్మ.

మట్టి బొమ్మ. అరచేతంత. భుజాల దగ్గర తీగతో కట్టిన చేతులు. మెడ చుట్టూ సన్నటి గీత — అతికించిన గీత. ఎడమ చేయి దగ్గర ఇంకో గీత.

బొమ్మ పక్కన తెల్లటి పలక. పలక మీద ఒక వాక్యం.

"తవ్వకాల్లో పనిచేసే ఒక కూలీ చేతివాటానికి బలైన ఈ బొమ్మ, ప్రొఫెసర్ వరెలాస్ చురుకైన చూపు వల్ల తిరిగి దేవత చెంతకు చేరింది."

కల్లిరోయి చదివింది.

మళ్ళీ చదివింది.

ఆ వాక్యం ఎవరు రాశారో ఆమెకు తెలుసు. ఆమే రాసింది. ఇరవై ఏళ్ళ క్రితం, తండ్రి నూరేళ్ళ జయంతి సంచిక కోసం. రాసిన రోజున ఆ 'చేతివాటం' అనే మాట దొరికినందుకు సంబరపడింది కూడా. చురుకైన చూపు, దేవత చెంత... ఎంత నున్నగా రాసింది! ఎవరో దాన్ని యథాతథంగా దించి అద్దంలో పెట్టారు.

"అయ్యో, ఇది నీ వాక్యమే కదటోయ్!" థ్రాసోస్ చప్పట్లు కొట్టాడు. "నిలబడు నిలబడు. ఫొటో! ఆర్గిరోగారూ, మీరు తీయండి, నేనూ పక్కన ఉంటాను."

ఆర్గిరో ఫోను అందుకుంది. నిదానంగా గురి చూసింది.

"కొంచెం ఇటు జరగండమ్మగారూ. పలక కనబడాలి కదా. ఆఁ... అక్కడే. ఇప్పుడు నవ్వండి."

కిటికీ రెక్క టక్ మంది.

కల్లిరోయి నవ్వింది.

*

మఠం కొండ అంచున ఉంది. కింద నుంచి చూస్తే రాతికి అంటుకున్న సున్నపు చారలా కనబడుతుంది. మూడు వందల మెట్లు.

"నా వల్ల కాదు. ఇక్కడ కాఫీ తాగుతూ కూర్చుంటా. నా పేరు మీద ఓ కొవ్వొత్తి వెలిగించు. పెద్దది వద్దు, చిన్న పాపాలే" అన్నాడు థ్రాసోస్.

ఆమె ఒక్కతే ఎక్కింది.

ఎక్కడం కాదు. పారిపోవడం. పైకి పారిపోవడం.

ఒక్కో మెట్టుకూ ఒక్కో ఊపిరి. ఊపిరి ఊపిరికీ ఆ మధ్యాహ్నం...

ఆ మధ్యాహ్నం కూడా ఆగస్టే. పందొమ్మిది వందల అరవై ఆరు. కీచురాళ్ళు ఆకాశాన్ని రంపంతో కోస్తున్నాయి. పొద్దున బొమ్మ దొరికింది. దొరికింది యాకుమిస్‌కి. కూలీల్లో అందరికంటే నెమ్మదైన చెయ్యి అతనిది. పలుగు పక్కన పెట్టాడు. కుంచె పక్కన పెట్టాడు. చివరికి నోటితో ఊదాడు — పసిబిడ్డ కంట్లో నలుసు తీసినట్టు. ప్రొఫెసర్ని పిలవడానికి ముందు ఇద్దరు పిల్లల్ని పిలిచాడు. తన కూతురు మరూలియాని, ప్రొఫెసరుగారి రోయిని.

"రండే, రండే... పాపాయి నిద్ర లేచింది. చూడండి, చేతులాడిస్తోంది!"

నిజంగానే చేతులాడాయి.

మధ్యాహ్నం అందరూ నిద్రపోయారు. రోయి పాక దగ్గరకు వెళ్ళింది. పళ్ళెంలోంచి బొమ్మను తీసింది. గుడి గడప మీదకు తెచ్చి నడిపించింది. చేతులు పైకి, చేతులు కిందకి. గెంతించింది.

గుడ్డు పగిలినంత చప్పుడు. అంతకంటే పెద్దది కాదు.

తల ఒక చోట. చేయి ఒక చోట.

ఆమె ఏరింది. పాక గుంజకు వేలాడుతున్న ఉన్ని సంచిలో వేసింది. సంచిలో సగం రొట్టె ఉంది, ఒక ఉల్లిపాయ ఉంది. యాకుమిస్ సంచి అది. కావాలని కాదు... దగ్గరలో ఉంది. అంతే. దగ్గరలో ఉన్న సంచి. ఇన్నేళ్ళూ ఆమె ఆ మాటను పట్టుకునే బతికింది.

సాయంత్రం సంచి విప్పారు. పోలీసులొచ్చారు. తండ్రి అందర్నీ అడిగాడు. చివరికి కూతుర్నీ అడిగాడు. "నువ్వేమైనా చూశావా అమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఒక్క మాట అబద్ధం ఆడలేదు... అని కూడా చెప్పుకుంది, చాలా ఏళ్ళు. ఊపింది తలే కదా.

*

మఠం తలుపు చిన్నది. వంగితే గాని లోపలికి రానివ్వదు.

లోపల మేకుకు గళ్ళ లంగాలు వేలాడుతున్నాయి, ప్యాంట్లతో వచ్చే ఆడవాళ్ళు చుట్టుకోవడానికి. కల్లిరోయి ఒకటి చుట్టుకుంది. నడుం దగ్గర ముడి వేసుకుంది. దేవమాత పటం ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించింది. థ్రాసోస్‌కి చిన్నది. తనకి... తనకి కూడా చిన్నదే తీసింది. సిగ్గుపడి, పెట్టేసి, పెద్దది తీసింది. మళ్ళీ దానికీ సిగ్గేసింది.

వెనక నల్లటి అంగీ చప్పుడు.

సన్యాసిని పళ్ళెం తెచ్చింది. గ్లాసుడు నీళ్ళు, చక్కెర పొడి అద్దిన లుకూమి మిఠాయి ముక్క. కొండెక్కి వచ్చిన ప్రతి మనిషికీ ఇచ్చేదే. బల్ల మీద పెట్టింది. వెళ్ళలేదు.

"నీళ్ళు తాగు రోయీ" అంది.

నీళ్ళు గొంతుకు అడ్డం పడ్డాయి.

రోయి. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు భూమ్మీద ఎవరూ మిగల్లేదు. మొగుడికి కూడా తెలియదు ఆ పేరు.

"మరూలియా..."

"ఇక్కడ సింక్లితికి అంటారు. నువ్వు మరూలియా అను, ఫరవాలేదు." నల్లటి గుడ్డ మధ్య నుంచి ముడతల మొహం ఆమెను పైనుంచి కిందకి చూసింది. "ఏమే, నీకూ ముసలితనం వచ్చిందే! ప్రొఫెసర్ల పిల్లలకి రాదనుకున్నాను."

కిటికీలోంచి సముద్రం. గాలికి సముద్రం మీద తెల్లటి గొర్రెలు పరిగెడుతున్నాయి.

"నువ్వెలా గుర్తుపట్టావు?"

"ఆర్గిరో ఫోన్ చేసింది" అంది సన్యాసిని. "సన్యాసినులకి ఫోన్ ఉండదనుకున్నావా?"

పక్కన కూర్చుంది.

"యాభై ఎనిమిదేళ్ళు నీ కోసం ప్రార్థన చేశాను. మొదటి పదేళ్ళు నీ కాలు విరగాలని. మఠం పెద్దామెతో చెప్పుకుంటే తిట్టింది. తర్వాత మోకాలి నొప్పితో సరిపెట్టమన్నాను దేవుణ్ణి. వచ్చిందా?"

"వచ్చింది. రెండిటికీ."

"ఒకటే అడిగాను. ఆయన చేతికి ఎముక లేదు."

కల్లిరోయి నవ్వబోయి ఏడ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది — ఏడుపు తన సొత్తు కాదు ఇక్కడ.

"నువ్వు చూశావా? ఆ రోజు..."

"అంజూరపు చెట్టు మీద ఉన్నాను. కాయల కోసం ఎక్కాను. మొత్తం చూశాను. సాయంత్రం నాన్న చెవిలో చెప్పాను. ఆయన ఏమన్నాడో తెలుసా? తొమ్మిదేళ్ళ పిల్ల, నలుగురి ముందు నిలబెట్టి నువ్వే దొంగవంటే ఆ పిల్ల ఏమైపోతుంది, వద్దు. తనే చెబుతుంది. పసివాళ్ళకి రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్నే పరిగెత్తుకొచ్చి చెప్పేస్తుంది, చూడు — అన్నాడు. పోలీసుల బెంచీ మీద కూర్చుని పొద్దున్న కోసం చూశాడు. ఆ పొద్దున్న కాదు, రేపు అన్నాడు. చాలా రేపులు అన్నాడే రోయీ."

గాలి తలుపును తోసింది. ఇద్దరూ లేవలేదు.

"నేను..." కల్లిరోయి అంది. "నేను ఆ రాత్రి నిద్రపోయాను. హాయిగా."

సన్యాసిని మిగతాదీ చెప్పింది.

తర్వాతి కథ కొంచెమే. దొంగ అనిపించుకున్న మనిషికి ద్వీపంలో పని చూపించడానికి అందరూ సిద్ధమే. కానీ పని ఇచ్చే చేతులన్నీ ప్రొఫెసరుతో కరచాలనం చేసే చేతులే. యాకుమిస్ లావ్రియో గనులకు వెళ్ళాడు. మూడేళ్ళు ఉత్తరాలొచ్చాయి. తర్వాత శవపెట్టె వచ్చింది. పిల్లను మఠంలో వదిలారు. ఇక్కడ రొట్టె ఉంటుందని.

"నా వల్లే నువ్వు..."

"అదిగో, అన్నీ నీ నెత్తినే వేసుకోకు. రొట్టె కోసమే తెచ్చారు, నిజం. ఉండిపోయింది మాత్రం నా ఇష్టం మీద. దీనికీ నువ్వే కారణమంటే ఊరుకోను. ఇదొక్కటీ నాది."

కల్లిరోయి తల వంచుకుంది. ఇన్నేళ్ళూ నోట్లో నానిన మాట నెమ్మదిగా బయటకొచ్చింది.

"కావాలని వెయ్యలేదు మరూలియా. భయమేసింది. దగ్గరలో ఉన్న సంచి..."

"దగ్గరలో ఉన్నది మీ అమ్మ బుట్ట."

మెత్తగానే అంది. లెక్క సరిచేసే టీచరమ్మలా.

"గడప పక్కనే ఉంది మీ అమ్మ బుట్ట. నీలం రుమాలు కప్పి. నువ్వు దాని దగ్గర ఆగావు. రుమాలు ఎత్తావు కూడా. మళ్ళీ కప్పేసి, పాక దాకా నడిచావు. పదిహేను అడుగులు. నేను పైనుంచి చూస్తున్నాను కదా."

కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగాయి... లేక ఆమెకే వినబడటం ఆగిపోయిందో.

నీలం రుమాలు.

అవును. నీలం రుమాలు. రుమాలు కింద ద్రాక్షగుత్తి. ఆమె చేతి కింద చల్లగా తగిలిన ద్రాక్ష. అంతా ఉంది. ఎక్కడికీ పోలేదు. ఆమే దాని మీద రుమాలు కప్పి ఉంచింది.

తొమ్మిదేళ్ళ పిల్లకి అప్పటికే తెలుసు — ఎవరి సంచి విప్పుతారో, ఎవరి బుట్ట విప్పరో.

"నన్ను ఏం చేయమంటావు?" అంది. గొంతు గాలికంటే సన్నగా ఉంది.

"నాకేం అక్కర్లేదు. తొమ్మిదేళ్ళ పిల్లని ఎప్పుడో వదిలేశాను. నాన్న వదిలేశాడు, నేనెవర్ని?" సన్యాసిని మోకాళ్ళ మీద అంగీ సర్దుకుంది. "కింద ఆ పలక ఒక్కటే... ఏటా నాన్న పేరున గోధుమ గుగ్గిళ్ళు పంచిన రోజున దిగి వెళ్తాను. చదివి వస్తాను. కళ్ళు మసకబారాయి గాని ఆ అక్షరాలు మాత్రం కనబడి చస్తాయి. పై ఆఫీసు నుంచి ఎవడో పంపాడట. ఎవడు రాశాడో, వాడు నాన్నని ఎరిగినట్టే లేదు. చేతివాటం అట! ఆ చేతుల్ని చూసి ఉంటే రాసేవాడా?"

చెప్పకుండా ఉండవచ్చు.

నీళ్ళు తాగేసి, ముడి విప్పేసి, లంగా మేకుకు తగిలించి, క్షమించిన మనిషి చేతిని ముద్దు పెట్టుకుని దిగిపోవచ్చు. ఇంతకంటే తేలిక ఇంకోటి లేదు. మళ్ళీ ఒకసారి తల అడ్డంగా ఊపితే చాలు.

"నేనే రాశాను" అంది కల్లిరోయి.

"ఏది?"

"ఆ వాక్యం. నాన్న సంచిక కోసం. ఇరవై ఏళ్ళయింది."

సన్యాసిని ఆమె వైపు తిరిగింది. మొహంలో ఉన్న వెలుతురు మెల్లగా... ఎవరో గదిలోంచి దీపం తీసుకెళ్తున్నట్టు... వెళ్ళిపోయింది.

"అప్పుడు నీకెన్నేళ్ళు?"

"నలభై ఏడు."

"ఇన్నేళ్ళూ నేను ప్రార్థించింది ఒక చిన్నపిల్ల కోసం. ఈ నలభై ఏడేళ్ళావిడ సంగతి నాకెవరూ చెప్పలేదు."

లేచింది. పళ్ళెం తీసుకుంది. ముట్టని లుకూమి ముక్క అలాగే ఉంది.

"ఆవిడ కోసం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నాకేమో వయసైపోయింది."

ఎక్కడో చెక్కపలక మీద సుత్తి మోగింది, టక టక టక... ప్రార్థనకు పిలుపు. నల్లటి అంగీ వసారా చివర మలుపు తిరిగింది. వెనక్కి చూడలేదు.

*

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు. మోకాళ్ళు రెండూ నొప్పెట్టాయి. నొప్పెట్టనిచ్చింది.

కాఫీ కొట్టు ముందు థ్రాసోస్ ఎవరితోనో దవడల గురించి చెబుతున్నాడు. ఆమె ఆగలేదు. గుడి వైపు నడిచింది.

ఆర్గిరో గేటుకు గొలుసు చుడుతోంది.

"మూసేశామమ్మగారూ."

"ఆ పలక తీసేయాలి. అది అబద్ధం. బొమ్మను పగలగొట్టింది నేను. సంచిలో వేసింది నేను."

గాలి ఈ మాటలు ఎత్తుకుపోతుందేమోనని గట్టిగానే అంది. ఆర్గిరో ఆశ్చర్యపోలేదు. గొలుసు వదిలి, జేబులోంచి గింజ తీసి, కొరికి, తొక్క ఉమ్మింది.

"తెలుసు."

"తెలుసా?"

"ఈ ద్వీపంలో వెయ్యిమందిమి. వెయ్యిమందికీ తెలుసు. మా అమ్మమ్మ మమ్మల్ని అన్నం దగ్గర కూర్చోబెట్టి చెప్పేది. యాకుమిస్ మావయ్య దొంగ కాదని తెలియనిది ఆ పలకకొక్కదానికే."

కల్లిరోయి టోపీ గాలికి ఎగిరిపోయింది. చూడలేదు.

"మరి... పొద్దున... ఆ ఫొటో..."

"నవ్వమన్నాను. నవ్వుతారో లేదో చూద్దామని."

ఇంకో గింజ కొరికింది.

"నవ్వారు."

ఎండ. తెల్లటి రాళ్ళు. దాక్కోవడానికి మూడు స్తంభాలున్నాయి, వాటి నీడ గట్టిగా చూస్తే జానెడు. రహస్యం అనుకుంటూ మోసింది ఇన్నేళ్ళూ. రహస్యం కాదది. వీపు మీద రాసి ఉన్న రాత. ఆమెకొక్కదానికే కనబడలేదు.

"కాగితం ఉందా?" అని అడిగింది చివరికి.

"ఉంది. ఏం చేస్తారు? నోటిమాట చెల్లదు, పైవాళ్ళకి రాతే కావాలి. ఉన్నదున్నట్టు రాయండి. సంతకం, తారీఖు."

"మారుస్తారా?"

"నాకేం తెలుసమ్మగారూ. మరుగుదొడ్డి తలుపు ఊడిందని మూడేళ్ళ క్రితం రాశాను. ఇప్పటికీ పాట పాడుతూనే కూర్చుంటున్నాం, లోపల మనిషి ఉన్నట్టు తెలియాలని."

టిక్కెట్ల గది బల్ల ముందుకు లాగింది. కాగితం పెట్టింది. నీలం పెన్ను ఇచ్చింది. తను బయట గోడ మీద కూర్చుంది, వీపు ఇటు పెట్టి.

కల్లిరోయి రాసింది — "ఒక బొమ్మ పగిలింది."

కొట్టేసింది. బొమ్మ దానంతట అది పగల్లేదు.

"చిన్నతనంలో, తెలియక..."

కొట్టేసింది.

ఎంత నున్నటి వాక్యాలు వస్తాయో ఆ చేతికి! ఎంత తొందరగా వస్తాయో! ఒక్కొక్కటీ వచ్చి కూర్చుంటుంది, రుమాలు కప్పుకుని. ఒక్కొక్క దాని రుమాలూ ఎత్తి చూసి, కొట్టేసింది. కాగితం సగం నల్లబడింది.

చివరికి ఒకటి నిలిచింది.

"మా అమ్మ బుట్ట దగ్గరలో ఉంది. నేను యాకుమిస్ సంచి దాకా నడిచాను."

దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. చివరికి ఆ పలక మీది వాక్యం దగ్గరికి వచ్చింది. అది రాసింది కూడా తనేనని రాసింది. ఏ వయసులో రాసిందో కూడా రాసింది.

రేవులో ఓడ కూత వేసింది.

"ఏమోయ్! ఇక్కడున్నావా! ఊరంతా వెతికాను. ఓడ వచ్చేసింది, టోపీ ఏదీ? ఏం రాస్తున్నావు? ఆటోగ్రాఫా?" థ్రాసోస్ ఆయాసపడుతూ, నవ్వుతూ, గుమ్మంలో.

ఆమె చేయి దానంతట అది కాగితాన్ని కప్పింది.

కప్పిన చేతిని చూసుకుంది.

తీసింది.

"చదువు" అంది.

అతను కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు. పెట్టుకున్నాడు. వంగాడు. గుమ్మంలోంచి గాలి దూరి కాగితం అంచును ఎగరేస్తోంది. అతను దాన్ని వేలితో నొక్కిపట్టి, ఇంకా నవ్వు మొహంతోనే, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.